మేనమామ పోలిక

ఆ ఇంటి ముందు నుంచి ఉదయం ఏడున్నరకు నడిచి వెళ్ళేవాళ్ళకు కిటికీలోంచి రోజూ ఒకే దృశ్యం కనిపించేది. నేల మీద పదేళ్ళ పిల్ల, వెనక ముక్కాలిపీట మీద తల్లి, తల్లి చేతిలో దువ్వెన. చిక్కులు విప్పి, పాపిట తీసి, రెండు జడలు వేసి పంపేది తల్లి. చూసినవాళ్ళు ముచ్చటపడి వెళ్ళిపోయేవారు. ఆ తల్లి వేళ్ళు ఏం చేస్తున్నాయో వాళ్ళకెలా తెలుస్తుంది? అవి చెవుల వెనక ఎముకను తడుముతున్నాయి. తల రెండు వైపులా సమానంగా ఉందో లేదో, నుదురు ఎక్కడ వంగుతోందో కొలుస్తున్నాయి. కన్నకూతురి తలలో నేరం ఎక్కడైనా దాక్కుని ఉందేమోనని ఆమె వెతుకుతోంది.

ఆమె యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ పని చేస్తుంది. నలభై పొరల గుడ్డ ఒకేసారి పరిచి, పైన సుద్దతో గీత గీసి కోస్తే, అట్టడుగు పొరకూ పై పొరకూ వెంట్రుకవాసి తేడా ఉండదని ఆమెకు పేరు. దేన్నయినా కొలిస్తే తెలిసిపోతుందని నమ్మే మనిషి. భర్త సిటీ బస్సు డ్రైవరు. చిన్నప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని గంటలకొద్దీ వేలాడేదని కూతురికి గువ్వ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. గువ్వ తర్వాత తొమ్మిదేళ్ళకు పుట్టిన చంటివాడికి ఇప్పుడు ఎనిమిది నెలలు. ఈమధ్యే పాకడం నేర్చాడు.

ఈ వెతుకులాట మొదలై మూడు వారాలైంది. ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి కార్ఖానాకు ఫోనొచ్చింది. గువ్వ మెట్ల మీద తోటిపిల్లను తోసేసింది. ఆ పిల్ల నాలుగు మెట్లు దొర్లి పడింది, మణికట్టు ఎముక విరిగింది. తల్లి ఉరుకులు పరుగుల మీద వెళ్ళేసరికి గువ్వ ఆఫీసు గదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఎందుకు తోశావని ఎవరడిగినా నోరు విప్పడం లేదు.

పిల్లలతో మాట్లాడడానికి స్కూలు పెట్టుకున్న సలహాదారు మేడం మెత్తటి గొంతుతో కొన్ని ప్రశ్నలు అడిగి, ఒక కాగితం ముందుకు తోసింది. అందులో ఆరో ప్రశ్న ఇది: ఇంట్లోగానీ దగ్గర బంధువుల్లోగానీ నేరచరిత్ర ఉన్నవారెవరైనా ఉన్నారా?

"ఇది అందరికీ ఇచ్చే కాగితమేనండీ, కంగారు పడకండి," అంది మేడం.

తల్లి 'లేరు' అని రాసింది. సుద్దగీత ఏనాడూ వంకర పోనివ్వని ఆ చెయ్యి, ఆ రెండక్షరాలను వంకరగా రాసింది.

ఆమెకు ఒక అన్న ఉన్నాడు. పదమూడేళ్ళ క్రితం వెల్డింగు షెడ్డులో పని చేస్తూ, మాటా మాటా పెరిగిన ఒక్క అర నిమిషంలో సూపర్‌వైజర్ని ఇనప కడ్డీతో కొట్టి చంపాడు. యావజ్జీవ శిక్ష పడింది. ఆమె పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చింది. నిజం భర్తకొక్కడికే తెలుసు. మా అన్నయ్య ఓడ మీద పనిచేస్తాడు అని ఇరుగుపొరుగుకు చెప్పింది, కూతురికీ అదే చెప్పింది. గువ్వ తన డ్రాయింగు పుస్తకం నిండా ఓడలు వేసి, ప్రతి ఓడ మీదా చెయ్యి ఊపుతున్న మామయ్యను నిలబెట్టింది. ఏనాడూ చూడని ఆ మామయ్యకు తన మొహమే పెట్టింది. ఆ పోలిక నిజమేనని ఆ పిల్లకు తెలియదు. ముందుకు పొడుచుకొచ్చిన చెవులు, కోసుగా ఉన్న గడ్డం, కోపం వస్తే నుదుటి మీద ఉబ్బే నరం, ఆ తర్వాత వచ్చే మొండి మౌనం, అన్నీ అచ్చు అతనివే. మేనమామ పోలిక వచ్చిందంటే ఇంకో తల్లి మురిసిపోయేది.

మరుసటి వారం స్కూలు హాల్లో తల్లిదండ్రుల కోసం ఒక ఉపన్యాసం పెట్టారు. పేరు 'ముందే పసిగడదాం'. నేరస్తుల మీద చాలా పుస్తకాలు చదివిన ఒక నిపుణుడు వచ్చి తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాడు. పూర్వం ఒక వైద్యుడు ఖైదీల పుర్రెలు కొలిచి నేరస్తులు పుట్టుకతోనే వేరని చెప్పాడట. పెద్ద చెవులు, ముందుకు వచ్చిన దవడ గుర్తులట. "ఇప్పుడు ఆ మాట ఎవరూ నమ్మరు," అన్నాడు నిపుణుడు. అప్పటికి మన తల్లి తెర మీది చెవుల బొమ్మనే చూస్తోంది. ఆ చివరి మాట ఆమె చెవిన పడలేదు.

తర్వాత ఆయన రక్తం గురించి చెప్పాడు. మెదడు ముందు భాగం గురించి చెప్పాడు. పేదరికం, ఇరుకు వీధులు, చెడు సావాసం, చిన్నప్పుడు దక్కని ప్రేమ, ఒకసారి చెడ్డవాడని ముద్ర పడితే ఆ ముద్రకు తగ్గట్టే బతకడం, ఇలా ఒక్కొక్క సిద్ధాంతమూ చెప్పుకుంటూ వెళ్ళాడు. ప్రతిదానిలో ఒక ముక్క నిజం ఉందనీ, ఏ ఒక్కటీ పూర్తి నిజం కాదనీ కూడా అన్నాడు. భయపడిన మనిషికి ఇలాంటి 'కూడా'లు వినిపించవు. ఏ సిద్ధాంతం విన్నా అది తన ఇంటి తలుపే తడుతున్నట్టు అనిపించిందామెకు. రక్తమంటే తన అన్న. ఇరుకు వీధి అంటే తన వీధి. దక్కని ప్రేమ అంటే, రోజుకు తొమ్మిది గంటలు కార్ఖానాలో ఉండే తను.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చిన్న చిన్న మార్పులు వచ్చాయి. వంటింటి కత్తులు పై అరకు ఎక్కాయి. ఆమె సొంత కత్తెరకు తాళం పడింది. గువ్వ చీమల బారు పక్కన కూర్చుంటే చంపుతుందేమోనని తల్లి తొంగి చూసేది. నవ్వితే ఎందుకు నవ్వుతోందని, నవ్వకపోతే ఎందుకు నవ్వడం లేదని భయం. అన్నిటికంటే ఎక్కువ భయం చంటివాడి గురించి.

"అమ్మా, తమ్ముణ్ణి ఒక్కసారి ఇవ్వవా?" అని గువ్వ చేతులు చాచేది.

"వాడికి నిద్రొస్తోంది."

"కళ్ళు తెరిచే ఉన్నాడుగా."

"వద్దన్నానా?"

గువ్వ చేతులు దించేసుకునేది. రెండు వారాలకు అడగడం మానేసింది.

భర్త ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. "ఎందుకే అంత బెంగ? పిల్లలు కొట్టుకోరా?" అన్నాడు ఒక సాయంత్రం.

"మా అన్నయ్య కూడా చిన్నప్పుడు ఇలాగే కొట్టేవాడండీ. ముందే తెలుసుకుంటే ఏదో ఒకటి చేయొచ్చుగా."

"ఇరవయ్యేళ్ళుగా బండి నడుపుతున్నా. రోడ్డు మీద ఎవడు ఎప్పుడు అడ్డం వస్తాడో ముందే తెలిసేటట్టయితే బండికి బ్రేకులు ఎందుకు? తెలీదు కాబట్టే కళ్ళు తెరుచుకుని నడుపుతాం. నువ్వేమో కళ్ళు మూసుకుని స్టీరింగు వదిలేస్తున్నావ్."

అతని మాట బాగానే ఉంది, భయం మాత్రం పోలేదు.

శనివారం మధ్యాహ్నం ఆమె పెరట్లో బట్టలు ఆరేసి లోపలికి వచ్చింది. వంటింటి గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. గువ్వ స్టూలు వేసుకుని పై అర తెరిచినట్టుంది. నేల మీద కూర్చుని ఉంది. చేతిలో పెద్ద కత్తి. బారెడు దూరంలో చంటివాడు పాక్కుంటూ అక్క వైపే వస్తున్నాడు.

ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో సగం కోసిన ఆపిల్ పండు ఉన్నాయని తల్లి ఆ తర్వాత చూసింది. ఆ క్షణంలో ఆమెకు కనిపించినవి కత్తీ, ఆ చెవులూ మాత్రమే. ఒక్క ఊపున వచ్చి పిల్ల చేతిలోంచి కత్తి లాగేసింది. జబ్బ పట్టుకుని ఈడ్చుకెళ్ళి సామాన్ల గదిలోకి నెట్టి, తలుపు వేసి గడియ పెట్టింది. చంటివాణ్ణి గుండెకు అదుముకుని ఆ తలుపు ముందే కూలబడింది.

లోపలి నుంచి ఏడుపు రాలేదు. తలుపు బాదడమూ లేదు. చాలాసేపటికి మామూలు గొంతుతో ఒక మాట వచ్చింది.

"అమ్మా, నేనంటే నీకు భయమా?"

ఆమె గడియ వైపు చూసింది. అలాంటి గడియే ఇంకొకటి, ముప్పై ఏళ్ళ నాటిది, కళ్ళ ముందుకు వచ్చింది. నాన్న వాకిట్లో నిలబడి, "వీడి మొహం చూస్తేనే తెలుస్తోంది, ఎప్పటికైనా జైలుకే పోతాడు. తలుపేయవే," అంటున్నాడు. లోపల పదేళ్ళ అన్నయ్య. బయట ఏడేళ్ళ తను. ఆ గడియ పెట్టింది తనే. ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

ఆమె లేచి తలుపు తీసింది. దగ్గరకు తీసుకోవడానికి చెయ్యి చాచింది. గువ్వ మెడ భుజాల్లోకి ముడుచుకుపోయింది.

ఆదివారం ఉదయం ఆమె పిల్లలిద్దరినీ భర్తకు అప్పగించి బస్సెక్కింది. ఎక్కడికని అతను అడగలేదు. "ఇన్నాళ్ళకు," అని మాత్రం అన్నాడు.

జైలు గేటు దగ్గర చీటీ రాయించుకుంది. పిలిచేదాకా ఆగమన్నారు. ఎదురుగా బస్టాపు బల్ల ఉంటే అక్కడ కూర్చుంది. లోపలికి వెళ్ళాలంటే భయం, తిరిగి వెళ్ళాలన్నా భయమే. కాసేపటికి గేట్లోంచి ఒక ముసలాయన చిన్న తోలు పెట్టెతో వచ్చి ఆ బల్ల మీదే కూర్చున్నాడు.

"మొదటిసారా అమ్మా?" అన్నాడు ఆమె చేతిలో నలిగిన చీటీ చూసి.

తలూపింది. "మీరు లోపల ఉద్యోగమా?"

"మంగలిని. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇక్కడే. వచ్చే నెల ఇంటికి పొమ్మన్నారు."

ఆమె చీటీ మడత విప్పి మళ్ళీ మడిచింది. తర్వాత, ఇంకెవరినీ అడగలేని ప్రశ్న ముక్కూ మొహం తెలియని మనిషిని అడిగేసింది. "పెద్దాయనా, ఇన్ని వందల తలలు మీ చేతి కిందకి వచ్చాయి కదా. వాళ్ళ తలల్లో ఏమైనా తేడా ఉంటుందా?"

"ఎందుకుండదు? కొందరికి చుండ్రు ఉంటుంది."

ఆమె నవ్వలేదు. ముసలాయన ఆమె మొహం చూసి పెట్టె పక్కన పెట్టాడు.

"నవ్వులాటకి అన్నాలే తల్లీ. మొదట్లో నేనూ వెతికాను. చంపినవాడి తల ఎలా ఉంటుందో చూడాలని తడిమాను. ఏమీ లేదు. జైలరు గారికీ నేనే కత్తిరిస్తాను. ఆయన తలా అంతే, వాళ్ళ తలా అంతే. ఒక్కటి మాత్రం చూశాను. వెనక నుంచి చెయ్యి వేయగానే కొంతమంది మెడ ముడుచుకుంటారు. ఆరడుగుల మనిషి, బండలాంటివాడు, మెడ మాత్రం పసిపిల్లాడిలా లోపలికి పోతుంది. వెనక నుంచి వచ్చే చెయ్యి దెబ్బే అని చిన్నప్పుడే నేర్చుకున్న మెడలమ్మా అవి."

ఆమెకు నిన్నటి గువ్వ మెడ కళ్ళ ముందు కదిలింది. "అందరూ అలాగే ఉంటారా?"

"అందరూ కాదు. అల్లారుముద్దుగా పెరిగి, చదువుకుని, వచ్చినవాళ్ళూ ఉన్నారు. అంతెందుకు, మా నాన్న బెల్టుతో బాదేవాడు. ముడుచుకునే మెడ నాకూ ఉంది. నేను చేతిలో కత్తి పట్టుకుని ముప్పై ఏళ్ళు మనుషుల పీకల దగ్గరే పనిచేశాను, ఒక్కరికీ గాటు పడలేదు. ఎందుకు నేను ఇటూ వాళ్ళు అటూ అయ్యామో నాకు తెలీదు. తెలుసని చెప్పేవాళ్ళని నేను నమ్మను."

గేటు దగ్గర ఆమె నంబరు పిలిచారు.

ఇనప తీగల జాలీకి అవతల కూర్చున్న మనిషిని ఆమె వెంటనే గుర్తుపట్టలేకపోయింది. జుట్టు నెరిసింది. చెవులు మాత్రం అవే.

"చెల్లాయ్," అన్నాడు.

ఆమె మెల్లగా మొదలుపెట్టి అన్నీ చెప్పింది. మెట్ల సంగతి, కాగితం, ఉపన్యాసం, ఆపిల్ పండు. "దానికి నీ పోలిక వచ్చిందన్నయ్యా," అని చెప్పినప్పుడు అతని మొహం పాలిపోయింది.

"చెవులు కూడానా?"

"ఊఁ."

అతను రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఆమె ఇక ఆపుకోలేకపోయింది. "ఆ గది గడియ నేనే పెట్టేదాన్ని. నాన్న చెప్పాడని పెట్టేదాన్ని. నువ్విలా అవడానికి మేమే కారణం కదా."

"ఆ మాట నాకు హాయిగానే ఉంటుంది," అన్నాడు అన్న నెమ్మదిగా. "ఇక్కడ చాలామంది అలాగే అనుకుని పడుకుంటారు. కానీ చచ్చిపోయినాయనకి ఇద్దరు పిల్లలున్నారు. మా నాన్న నన్ను గదిలో పెట్టాడు, అందుకే మీ నాన్నని చంపానని వాళ్ళతో అనగలనా? కడ్డీ నేనే తీశాను. చెయ్యి నాది. అది ఎవరి మీదా తోసెయ్యను."

"మరి గది?"

"గది కూడా నిజమే. చీకట్లో కూర్చుని ఒకటే అనుకునేవాణ్ణి. వీళ్ళకి ముందే తెలిసిపోయిందంటే నేను అలాంటివాణ్ణే అయ్యుంటాను కదా అని. ఒక్కసారి, ఒక్కళ్ళు తలుపు తీసి, ఏమైందిరా, ఎందుకు చేశావురా అని అడిగి ఉంటే..." అని ఆగాడు. "అడిగినా ఇక్కడికే వచ్చేవాణ్ణేమో. చెప్పలేను. కానీ అడగాల్సింది. నువ్వు దాన్ని అడిగావా?"

ఆమె ఆలోచించింది. అడిగాననే అనుకుంది. గుర్తు చేసుకుంటే, మూడు వారాల్లో ఆమె ఎందరినో అడిగింది. మేడాన్ని అడిగింది, భర్తను అడిగింది, ముక్కూ మొహం తెలియని మంగలిని అడిగింది, కూతురి పుర్రెను అడిగింది. కూతుర్ని మాత్రం, జవాబు వినడానికి కూర్చుని, ఒక్కసారీ అడగలేదు.

ఆ సాయంత్రం ఆమె గువ్వను వెంటబెట్టుకుని బయల్దేరింది. చెయ్యి విరిగిన పిల్ల ఇల్లు నాలుగు వీధుల అవతల. దారిలో మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ఏమైంది తల్లీ ఆ రోజు? నేను తిట్టను, మధ్యలో మాట్లాడను."

గువ్వ చాలాసేపు చెప్పు మొనతో నేల గీకింది. "నా బొమ్మల పుస్తకం లాక్కుంది. అందరికీ చూపించి ఓడలు వంకరగా ఉన్నాయంది. ఇచ్చెయ్యమంటే ఇవ్వలేదు."

"చేతిలోంచి లాక్కోబోతే పడిందా?"

"కాదు. పడాలనే తోశాను."

తల్లి ఇంకో రోజయితే ఆ మాటకు లేచి దూరంగా జరిగేది. ఈసారి జరగలేదు.

"పడ్డాక?" అంది.

"చప్పుడొచ్చింది. తన చెయ్యి అటు తిరిగిపోయింది. నాకు భయమేసింది. ఏడిస్తే, చేసిందంతా చేసి ఏడుస్తోందంటారని ఏడవలేదు." పిల్ల గొంతు అప్పుడు పగిలింది. "అమ్మా, నేను చెడ్డదాన్నేగా? నీకు ముందే తెలుసుగా. అందుకే తమ్ముణ్ణి ఇవ్వట్లేదు."

అన్న చీకటిగదిలో అనుకున్న మాట, ముప్పై ఏళ్ళ తర్వాత తన కూతురి నోట వినిపించింది. ఇంతకుమించిన భయం ఆ తల్లి జీవితంలో ఇంకెప్పుడూ ఎరగదు.

ఆమె పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఈసారి వేళ్ళు దేన్నీ వెతకలేదు. "తప్పు చేశావు. చాలా పెద్ద తప్పు. దానికి నువ్వే వెళ్ళి క్షమించమని అడగాలి. నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. నిన్ను చూసి భయపడ్డాను." తర్వాత, ఓడ లేదని చెప్పింది. మామయ్య ఎక్కడున్నాడో, ఎందుకున్నాడో దాచకుండా చెప్పింది.

గువ్వ ఏడుపు ఆపి విన్నది. విని, ఏ తల్లీ వినకూడదనుకునే ప్రశ్న వేసింది. "నేనూ అలా అవుతానా?"

"నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు. పోలిక మొహానికి వస్తుంది. చేసే పని మాత్రం ఎప్పటికప్పుడు నువ్వే చేస్తావు. కోపం వచ్చినప్పుడల్లా నాకొచ్చి చెప్పు. ఎంత చెడ్డ మాటయినా సరే, కూర్చుని వింటాను."

చెయ్యి విరిగిన పిల్ల వాళ్ళమ్మ తలుపు సగమే తీసింది. గువ్వను చూడగానే ఆవిడ కళ్ళల్లో మెదిలిన బెదురును మన తల్లి ఇట్టే గుర్తుపట్టింది. అది తన అద్దంలో మూడు వారాలుగా చూస్తున్నదే.

"పడాలనే తోశాను ఆంటీ. తప్పు చేశాను. క్షమించండి," అంది గువ్వ. ఒక్క మాటా మింగలేదు.

ఆవిడ పెదవులు బిగించింది. "మా పిల్ల రెండు రాత్రులు నొప్పితో నిద్రపోలేదు, తెలుసా?" అంది. తల్లీకూతుళ్ళు తలవంచుకుని నిలబడ్డారు. ఇంతలో ఆవిడ వెనక నుంచి కట్టు కట్టిన చెయ్యి ఒకటి, దాని వెంట ఒక చిన్న మొహం బయటికి వచ్చాయి.

"ఇప్పుడు నొప్పి లేదు. రాయడమే కుదరట్లేదు."

"నేను రాసిపెడతాను," అంది గువ్వ.

ఆవిడ కూతుర్ని చూసింది, గువ్వను చూసింది. తలుపు పూర్తిగా తీయలేదు, అలాగని మూయనూ లేదు. "రేపు చూద్దాం," అంది.

ఆ పిల్లలిద్దరూ రేపు ఏమవుతారో ఈ కథ చెప్పేవారికీ తెలియదు. నేరానికి మూలం రక్తంలో ఉందా, వీధిలో ఉందా, పెంపకంలో ఉందా అన్నది చదువుకున్నవాళ్ళు ఇంకా తేల్చవలసే ఉంది, తేల్చనివ్వండి. కానీ అది తేలేదాకా మన పిల్లలు ఆగరు, ఈ పూటే పెరుగుతున్నారు. తప్పు చేసిన పిల్లను చూసి మనం భయపడితే, తాను భయపడవలసిన మనిషినేనని ఆ పిల్ల నమ్ముతుంది. భయం తప్పకపోతే పిల్లను చూసి వద్దు, పిల్ల కోసం భయపడదాం. భయపడి, దగ్గర కూర్చుని, ఏమైందని అడుగుదాం.